మంత్రిగారి పుట్టు రింగులు

"ఇకమీదట ఈ ప్రభుత్వంలో ఒక్క రింగుల జుట్టు కూడా అవమానపడదు!"

ప్రజా సౌకర్యాల శాఖామాత్యులవారు ప్రెస్ మీట్‌లో ఈ మాట అన్నప్పుడు హాలంతా నిశ్శబ్దమైపోయింది. వెనక వరసలో ఒక విలేకరి బిస్కట్ కొరికిన చప్పుడు ముందు వరసదాకా వినిపించింది.

ఆ మాట రాసింది నేనే. మంత్రిగారి పేషీలో ప్రెస్ నోట్లు రాయడం నా ఉద్యోగం. వారు మాట్లాడినదాన్ని వారు మాట్లాడి ఉండవలసినదిగా మార్చి పత్రికలకు పంపుతాను. అంచేత వారి గొప్పతనాన్ని నా అంత దగ్గరగా చూసినవాళ్లు తక్కువ.

"తరతరాలుగా రింగుల జుట్టువాళ్లని దువ్వెనలు పెట్టి హింసించారు," మంత్రిగారు గొంతు పెంచారు. "స్కూళ్లలో నవ్వారు. ఆఫీసుల్లో మెమోలిచ్చారు. ఆ బాధేంటో నాకు తెలుసు. ఎందుకంటే..."

అక్కడ ఆగి, తల మీది టోపీ తీశారు.

నుదుటి మీదికి జారే ముంగురులు, చెవుల పక్కన స్ప్రింగులు, మెడ దాకా గుత్తులు గుత్తులు. నిన్నటిదాకా వారి జుట్టు స్కేలు పెట్టి గీసినట్టు ఉండేదన్న సంగతి హాల్లో ఎవరికీ గుర్తు రాలేదు. బిస్కట్ విలేకరికి మాత్రం వచ్చింది.

"సార్, పోయిన వారం సభలో మీ జుట్టు..."

"దాచుకున్నాను బాబూ. సమాజానికి భయపడి దాచుకున్నాను. పుట్టుకతో వచ్చినదాన్ని ఎన్నాళ్లని దాచను చెప్పు?" అంటూ కళ్లు తుడుచుకున్నారు.

మర్నాడు పత్రికలన్నీ ఆ కన్నీటిబొట్టును మొదటి పేజీలో వేశాయి. విలేకరి ప్రశ్న ఎక్కడా రాలేదు. ప్రెస్ నోట్‌లో నేను రాయలేదు కదా.

ఈ మహా పరివర్తన వెనక ఒక సర్వే ఉంది. ఓటర్లను కులాలుగా, వయసులుగా విడదీసి విసిగిపోయిన పార్టీవాళ్లు ఈసారి జుట్టును బట్టి లెక్కపెట్టించారు. ఫలితం చూసి మంత్రిగారి పి.ఎ. పరుగు పరుగున నా గదిలోకి వచ్చాడు.

"మూడొంతుల్లో రెండొంతుల మందివి రింగులేనండీ! ఇంత పెద్ద ఓటు బ్యాంకు నెత్తి మీద పెట్టుకుని తిరుగుతుంటే ఇన్నాళ్లూ ఎవడికీ కనపడలేదు!"

నాకు ఓటు బ్యాంకు సంగతి ఎలా ఉన్నా, మా మేనకోడలు గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. మా చెల్లెలి కూతురు మా శాఖలోనే ఎంక్వయిరీ కౌంటర్లో పనిచేస్తోంది. ప్రొబేషన్ ఎప్పుడో పూర్తయినా ఉద్యోగం ఖాయం కాలేదు. "పని బాగుంది. జుట్టు క్రమశిక్షణలో లేదు" అని సూపరింటెండెంటు రాశాడు. ఆ అమ్మాయికి పుట్టినప్పటి నుంచీ ఒత్తుగా, చుట్టలు చుట్టలుగా ఉండే జుట్టు. ఒకసారి ఆ రిపోర్టుకు భయపడి పార్లర్‌కు వెళ్లి సాఫీ చేయించుకుంది. కాలిన వాసన ఇల్లంతా నిండింది, కొసలు చీపురు పుల్లల్లా విరిగిపోయాయి. అద్దం ముందు కూచుని ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది. మళ్లీ ఆ పని చేయనని అప్పుడే తేల్చి చెప్పేసింది. ఆ జీతం మీదే తల్లీకూతుళ్ల ఇల్లు నడవాలి.

ప్రెస్ మీట్ టీవీలో చూసి చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, మంత్రిగారు మనవాడే! ఇక దాని ఉద్యోగానికి ఢోకా లేదు కదూ?"

లేదనే చెప్పాను. మర్నాడు పి.ఎ. నన్ను వరండా మూలకు లాక్కుపోయాడు.

"గురువుగారూ, మీ మేనకోడలివి ఒరిజినల్ రింగులేగా?"

"పుట్టినప్పటి నుంచీ అంతే."

"సార్‌వీ పుట్టు రింగులేనండీ. కాకపోతే రోజూ పొద్దున్నే పుట్టాల్సి వస్తోంది." గొంతు తగ్గించాడు. "మొన్న పార్లర్ వాళ్లని పిలిపించాం. వాళ్లు బయట వాగుతారు. అదే మన పిల్ల అయితే బయటికి పొక్కదు. అమ్మాయి వచ్చి సార్ తల చూసుకుంటే కన్ఫర్మేషన్ సంగతి నేను చూసుకుంటా."

ఆ విధంగా మా మేనకోడలు రోజూ పొద్దున్నే మంత్రిగారి బంగళా వెనక గదిలో కర్లింగ్ రాడ్ వేడెక్కించి, వారి జుట్టును పాయలు పాయలుగా చుట్టి, వంశపారంపర్యాన్ని నిలబెట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు చదవవలసిన ప్రకటన పట్టుకుని నేను పక్కన నిలబడేవాణ్ణి.

మంత్రిగారిది నేర్చుకునే స్వభావం. ఒకరోజు అద్దంలోంచి అడిగారు.

"అమ్మాయ్, నీ జుట్టు ఎలా చూసుకుంటావు? సభల్లో అడుగుతున్నారు."

"పొడి తల దువ్వను సార్, దువ్వితే పొదలా లేస్తుంది. కండిషనర్ రాసి, తడి మీదే దూరం పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీసుకుంటాను. తువ్వాలుతో రుద్దకూడదు. పాత కాటన్ టీషర్టుతో కింది నుంచి పిడికిట్లోకి తీసుకుని నొక్కి వదిలెయ్యాలి. తలంటుకోని రోజుల్లో పొద్దున కాసిని నీళ్లు చల్లుకుంటే మళ్లీ చుట్టుకుంటాయి."

"అంతేనా?"

"అన్నిటికన్నా ముఖ్యం, ఆరేదాకా ముట్టుకోకూడదు సార్."

"ముట్టుకుంటే?"

"చెదిరిపోతుంది. ఊరుకోవడమే కష్టం సార్. చెయ్యి ఊరికే పైకి పోతుంది."

మంత్రిగారు చాలాసేపు అద్దంలో తమను తామే చూసుకున్నారు. "ఏమీ చెయ్యకపోవడం కూడా ఒక పద్ధతేనన్నమాట! రాజకీయాల్లోకి వచ్చినప్పటి నుంచీ నేను పాటిస్తున్నది ఇదే. శాస్త్రం అని తెలియక లోలోపల బాధపడేవాణ్ణి." నా వైపు తిరిగారు. "నోట్ చేసుకోండి. ఇవాళ్టి నుంచి ఇదే మన శాఖ విధానం."

విధానం వెంటనే అమల్లోకి వచ్చింది. ఆఫీసుల్లో దువ్వెనలు స్వాధీనం చేసుకున్నారు. జేబులో సన్నపళ్ల దువ్వెనతో దొరికిన ఒక డిప్యూటీ డైరెక్టరు, అది తనది కాదు తమ్ముడిదని మొత్తుకున్నా వినలేదు. బాత్‌రూముల్లో తువ్వాళ్లు తీసేసి పాత టీషర్టులు తగిలించారు. ఉద్యోగులు ఇళ్లలోంచి తెచ్చినవి ఎక్కువగా ఎన్నికల్లో ఊరికే పంచిన టీషర్టులు కాబట్టి, ప్రతిపక్షంవారి ఎన్నికల గుర్తుకు మా శాఖంతా చేతులు తుడుచుకుంది.

అలాంటి రోజుల్లోనే ఒక వీధివాళ్లు పరుగెత్తుకొచ్చారు. మంచినీళ్ల పైపు పగిలి ఇళ్లలోకి మోకాళ్లలోతు నీళ్లొచ్చాయట.

"అంతా తడిగా ఉందంటారు?" మంత్రిగారు అడిగారు.

"తడేంటి సార్, మంచాలు తేలుతున్నాయి!"

"అయితే ముట్టుకోకూడదు. ఆరేదాకా ఎవరూ చెయ్యి పెట్టొద్దు. పెడితే చెదిరిపోతుంది."

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటూ వెళ్లిపోయారు. వానలు పోయి ఎండలొచ్చాక ఆ వీధి నిజంగానే ఆరిపోయింది. అప్పటికి పైపులోనూ నీళ్లు లేవనుకోండి. "చేయి పెట్టకుండానే సమస్యను పరిష్కరించిన మంత్రి" అని నేను రాసిన ప్రెస్ నోట్‌కు అభినందనలు వచ్చాయి.

ఈలోగా మా చెల్లెలు రోజూ అడిగేది. నేను పి.ఎ.ని అడిగేవాణ్ణి.

"సార్ సంతకం పెట్టేశారండీ! ఇంకు తడిగా ఉంది. ఆరగానే పంపిస్తా."

"నిన్నా అదే అన్నారు."

"విధానం మీకు తెలియనిదా? ఆరేదాకా ముట్టుకోకూడదు కదండీ."

మా మేనకోడలు రాడ్‌తో వేళ్లు కాల్చుకుని వచ్చి, ఎప్పటిలాగే కౌంటర్లో కూచునేది.

ఎండలు ముదిరాక పి.ఎ. మళ్లీ నా గదిలోకి వచ్చాడు. ఈసారి పరుగెత్తలేదు, గోడ పట్టుకుని వచ్చాడు.

"కొంప మునిగిందండీ. మొదటి సర్వే వానాకాలంలో చేశార్ట. గాల్లో చెమ్మకి ఊళ్లో జనం జుట్టంతా లేచి మెలికలు తిరిగుంది, వాళ్లు రింగులని రాసేసుకున్నారు. ఇప్పుడు మళ్లీ లెక్కపెడితే అంతా సాఫీ. నిజం రింగులోళ్లు పిడికెడు మంది."

"మరిప్పుడేం చేస్తారు?"

"త్యాగం," అన్నాడు పి.ఎ.

త్యాగసభ బ్రహ్మాండంగా జరిగింది. మైదానం నిండిపోయింది. మంత్రిగారు మైకు ముందు నిలబడి, తమ ముంగురుల్ని చివరిసారిగా వేలితో తాకారు.

"సాఫీ జుట్టు ఉన్న నా సోదరులు, సోదరీమణులు ఇంతమంది ఉండగా నేనొక్కణ్ణే రింగులతో ఎలా తిరగను? అవి నాకు మా తాతగారిచ్చిన ఆస్తి. మీకోసం ఆ ఆస్తిని వదులుకుంటున్నాను!"

జగ్గు ఎత్తి నీళ్లు తలమీద కుమ్మరించుకున్నారు. ఒక్క నిమిషంలో రింగులన్నీ జారి, విడిపోయి, కణతలకు నిలువుగా అతుక్కుపోయాయి. జనం గుండెలు కరిగిపోయాయి. ముందు వరసలో ఒక పెద్దావిడ "అయ్యో నాయనా!" అని వలవల ఏడ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి. రాసింది నేనే అయినా సరే.

అంతటితో దిగిపోతే బాగుండేది. కానీ చప్పట్లు విన్నాక వారిని ఆపడం ఎవరి తరం? తల తుడవడానికి పాత టీషర్టు పట్టుకుని పక్కన నిలబడ్డ మా మేనకోడలి మీద వారి చూపు పడింది.

"ఈమె మా ఆఫీసు అమ్మాయే. ఈమెవీ రింగులే. ఏం తల్లీ, నువ్వూ త్యాగం చేస్తావా?"

పి.ఎ. రెండో జగ్గు అందించాడు. అమ్మాయి నా వంక చూసింది. నేను వంగి బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాను. ఆమె క్లిప్పు తీసి, తల ముందుకు వంచి, నీళ్లు పోసుకుంది.

పొద్దుటి నుంచి ఎండలో రేగి ఉన్న జుట్టు కాస్తా నీళ్లు పడగానే గుత్తులు గుత్తులుగా విడిపోయింది. ఏ రింగుకారింగు గుండ్రంగా చుట్టుకుని, నీళ్లోడుతూ భుజాల మీద మెరిసింది. అంత అందంగా దాని జుట్టును నేనెన్నడూ చూడలేదు.

బిస్కట్ విలేకరి లేచాడు. "సార్, మీ రింగులు పోయాయి. ఆమెవి పోలేదేం?"

మంత్రిగారు వెంట్రుకవాసి కూడా తొణకలేదు.

"ఆలోచించు బాబూ. దేవుడిచ్చింది ఏదైనా నీళ్లకి లొంగుతుంది. మట్టి కరగదూ? ఉప్పు కరగదూ? ఇన్ని నీళ్లు పోసినా పోలేదంటే అందులో ఏదో కెమికల్ ఉందన్నమాట!" వారు అమ్మాయి వైపు వేలు చూపించారు. "పుట్టు రింగులని చెప్పి ఈ అమ్మాయి ఇన్నాళ్లూ నన్నే మోసం చేసింది!"

చప్పట్లతో మైదానం మారుమోగింది.

కృత్రిమ రింగులతో ప్రభుత్వాన్ని వంచించినందుకు మా మేనకోడలికి మెమో వచ్చింది. విచారణ ముగిసేదాకా కౌంటరుకు రావద్దన్నారు. మా చెల్లెలు కూతురి పసితనపు ఫోటో పట్టుకుని పి.ఎ. దగ్గరికి వెళ్లింది. పాకుతున్న బిడ్డ, తలనిండా చుట్టలు. పి.ఎ. ఫోటోను తిప్పి తిప్పి చూసి జాలిగా నిట్టూర్చాడు.

"ఇంత చిన్నప్పుడే మొదలెట్టిందన్నమాట!"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆఫీసులో ఆ సౌకర్యం లేదు కనక ఇంటికి వెళ్లాక మండాను.

విచారణ ఇంకా ఆరకముందే ఒక ఆదివారం పొద్దున చెల్లెలి ఇంటికి వెళ్లాను. మా మేనకోడలు అప్పుడే తలస్నానం చేసి, వంటింటి గుమ్మంలో కూచుని, పాత టీషర్టుతో జుట్టు నొక్కుకుంటోంది. ఇంతలో కింద కారు ఆగింది. పి.ఎ. రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు.

"అమ్మాయ్, రాడ్ తీసుకుని బయల్దేరు! సముద్రం పక్క ఊళ్లో ఉపఎన్నికొచ్చింది. అక్కడ ఏడాది పొడుగునా చెమ్మే, అందరివీ రింగులే. సార్ రింగులతో ఉన్న వానాకాలం నాటి పోస్టర్లు మిగిలుంటే ఊరంతా అంటించేశాం. ఇంకో గంటలో సభ. కార్లో సార్ సాఫీ జుట్టుతో కూచుని ఉన్నారు!"

"మరి మెమో?" అంది చెల్లెలు.

"రద్దు! ఆ రోజు నీళ్లలోనే ఏదో దోషం ఉందని తేల్చేశాం. ఇదిగో, కన్ఫర్మేషన్ ఆర్డరు కూడా తెచ్చా!"

మా మేనకోడలు తల తిప్పకుండానే అడిగింది. "ఇంకు ఆరిందాండీ?"

"ఎప్పుడో ఆరిందమ్మా!"

"అమ్మకివ్వండి."

చెల్లెలు ఆర్డరు అందుకుని, సంతకం చూసి, బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి కొంగున ముడివేసుకుంది.

"ఇక లే తల్లీ," అన్నాడు పి.ఎ.

"వస్తానండీ. తల తడిగా ఉంది. ఆరేదాకా ముట్టుకోకూడదు కదా."

కింద కారు హారన్ మోగింది. మళ్లీ మోగింది. పి.ఎ. నా వంక చూశాడు. నేను వంగి బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాను.

మా మేనకోడలు కిటికీ మూసి, ఎండ తగలని మూలకు కుర్చీ జరుపుకుని కూచుంది. పక్కనున్న నీళ్ల సీసా తీసుకుని తలమీద ఇంకోసారి చల్లుకుంది.