వేసవి పొగకు వందనాలు

వేసవిలో ఊరంతా కమ్ముకునే పొగను తిట్టేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది! ఆ పొగ మనకేం తక్కువ చేసిందండీ? ఎదురింటివాళ్ళ బాల్కనీలో ఏం జరుగుతోందో కనపడకుండా మన మర్యాద కాపాడుతోంది. పలకరించడం ఇష్టంలేని చుట్టం ఎదురుపడితే "అయ్యో, కనపడలేదండీ" అని నిజాయితీగా చెప్పే వీలు కల్పిస్తోంది. ఇంతకన్నా ఏం కావాలి?

నమ్మకపోతే మా బావనడగండి. మా అక్క మొగుడు. కళ్ళజోళ్ళ షాపు నడుపుతాడు. వేసవి వచ్చిందంటే ఆయనకు ఊపిరాడదు, గిరాకీతో! వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట: "దూరంవి మసగ్గా ఉంటున్నాయండీ."

పరీక్షిస్తే షాపు గోడ మీది అక్షరాలు చివరి వరసదాకా గడగడా చదివేస్తారు. బయటికెళితే మళ్ళీ మసకే! లోపం కళ్ళది కాదు, గాలిది అని బావకు తెలుసు. అయినా కొత్త అద్దాలు పెట్టి పంపిస్తాడు. గాలికి అద్దాలు బిగించలేడుగా పాపం!

ఆ గాలిలో ఆయన చేతి చలవ కూడా కొంత ఉంది. షాపు ఇంటి వీధి చివరే. అయినా వెళ్ళేది కార్లోనే. ఎండకు సీటు పెనంలా కాలుతుంది కాబట్టి ముందుగా ఇంజను వేసి, ఏసీ పెట్టి, లోపల చల్లబడేదాకా గుమ్మంలో నిలబడి పేపరు చదువుకుంటాడు. పై వాటా మామ్మగారు దడేల్‌మని కిటికీ మూసుకుంటారు. ఆ వయసులో చేతులకు ఆమాత్రం కసరత్తు ఉండొద్దూ?

ఒకరోజు పక్క షాపు టైలరు, ట్రాఫిక్కులో పాకుతున్న మా బావ కారు పక్కనే నడుస్తూ కబుర్లు చెప్పుకొచ్చాడు. కబుర్లయిపోయాయి గానీ కారు కదల్లేదు. "సరేనండీ, నేను ముందెళ్ళి షట్టరు తీసుకుంటా. మీరు నిదానంగా రండి" అని చక్కా పోయాడు.

బావ నొచ్చుకోలేదు. పాపం ఆ మనిషికి ఏసీ లేదని జాలిపడ్డాడు.

ఇంతలో మా మేనకోడలి పరుగుపందెం దగ్గరపడింది. నడవమంటే పరిగెత్తే పిల్ల. ఏడాదంతా ఆ పందెం ధ్యాసే. తీరా చూస్తే, గాలి బాగాలేదు, ఆరుబయట పిల్లలు పరిగెత్తకూడదు, పందెం వాయిదా అని బడివాళ్ళు కబురు పెట్టారు. పిల్ల బూట్లు తీసి మూలకు విసిరికొట్టింది. అన్నం దగ్గరకు రానంది.

కన్నతండ్రి ఊరుకుంటాడా? తల్లిదండ్రులందరినీ కూడగట్టి బళ్ళో సమావేశం పెట్టించాడు. పొగను ఖండించడానికి అందరూ వచ్చారు, తలా ఒక కార్లో! తిరిగెళ్ళేటప్పుడు చల్లగా ఉండాలని కొందరు భార్యల్ని కార్లోనే కూర్చోబెట్టి, ఇంజన్లు ఆపకుండా వచ్చారు. గేటు ముందంతా ఒకటే గుర్రు.

"అసలు ఈ పొగకు బాధ్యులెవరు?" అని బావ బల్ల గుద్దాడు. చప్పట్లే చప్పట్లు!

హెడ్మిస్ట్రెస్ గారు లేచి, గేటు వైపు కిటికీ తెరిచారు. సభ సభంతా దగ్గింది. ఆవిడ కిటికీ మూసేసి, "ఇంకెవరైనా మాట్లాడతారా?" అనడిగారు.

అందరూ దగ్గుకుంటూనే లేచారు.

బయటికొచ్చాక, బావ సమావేశానికి వెంటబెట్టుకొచ్చిన కూతురు కారెక్కనంది. "పందెం ఎలాగూ లేదుగా నాన్నా. నీతోనే వేసుకుంటా. నువ్వు కార్లో రా, నేను పరిగెత్తుతా."

"ఎండలో వద్దురా తల్లీ" అనేలోపే వీధి మలుపు తిరిగిపోయింది.

బావ గేటు ముందే ఇరుక్కుపోయాడు. ముందో కారు, వెనకో కారు. అంతా పొగను ఖండించినవాళ్ళే!

ఎలాగో ఇల్లు చేరేసరికి పిల్ల మెట్ల మీద వంగి కూర్చుని ఉంది. మా అక్క వీపు నిమురుతోంది. "నేనే గెలిచా..." అనబోయింది పిల్ల. మాట దగ్గులో మునిగిపోయింది. బావ కంగారుగా దిగి పరిగెత్తుకొచ్చాడు. వెనక కారు గుర్రుమంటూనే ఉంది.

"ముందు దాన్ని ఆపండి" అంది అక్క.

ఆపాడు. ఆ నిశ్శబ్దంలో, కూతురు ఊపిరి తీసుకోవడానికి ఎంత కష్టపడుతోందో ఆయనకు వినిపించింది. దగ్గు సర్దుకుని పిల్ల మంచినీళ్ళు అడిగేదాకా ఆయన ఆ మెట్టు మీంచి లేవలేదు.

మర్నాడు పొద్దున్నే గొడుగు పట్టుకుని షాపుకు బయల్దేరాడు.

"ఏం నాయనా, కారు పాడైందా?" అన్నారు పై వాటా మామ్మగారు.

"లేదండీ, బాగానే ఉంది."

"మరి నీకేమైంది?"

బావ నవ్వేసి, వీధి చివరికి నడిచాడు. టైలరు కంటే ముందే షట్టరు తీశాడు!

అక్కడితో ఆగాడా? తల్లిదండ్రుల ఇళ్ళచుట్టూ తిరిగి బతిమాలాడు. దగ్గరివాళ్ళు నడవాలి, దూరంవాళ్ళు బస్సెక్కాలి, తప్పనివాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే కార్లో రావాలి, గేటు దగ్గర ఇంజను ఆపాలి. సణుగుతూనే అందరూ ఒప్పుకున్నారు. దాంతో ఊరిమీద ఆకాశం తేటపడిపోయిందని నేను కోతలు కోయను. బడి గేటు దగ్గర మాత్రం కళ్ళు మండటం తగ్గింది. బాగా గాలి వీచిన ఒక తెల్లవారుజామున హెడ్మిస్ట్రెస్ గారు పందెం జరిపించేశారు.

మా మేనకోడలు రెండోదిగా వచ్చింది. బావ గొంతు చించుకుని అరిచిన అరుపులకు హడలిపోయి పక్కపిల్ల ముందుకు దూకేసిందని మా అక్క ఇప్పటికీ అంటుంది.

అంతా బాగానే ఉంది. మరి నా గతేమిటి? ఇలాంటి బావను పెట్టుకుని నేను కారు తియ్యగలనా? సిగ్గుకొద్దీ బస్సెక్కుతున్నాను. అదిగో, అక్కడొచ్చింది చిక్కు! బస్‌స్టాపు అంటే ఒక ఇనపస్తంభం, దానిమీద సూర్యుడు. స్తంభం నీడలో నేనూ, నా వెనక ఒక నర్సూ, ఆవిడ వెనక ఇద్దరు కాలేజీ పిల్లలూ వరసగా నిలబడుతున్నాం. స్తంభం ఇంకాస్త లావుగా ఉంటే ఎంత బాగుండేది!

రోడ్డుకు అవతల కార్ల పార్కింగు. పైన రేకుల కప్పు, కింద చల్లటి నీడ. కార్లు హాయిగా కునుకు తీస్తున్నాయి.

మనుషులకు నీడ కావాలని అధికారులను అడిగి అడిగి మా గొంతులెండిపోయాయి. అందుకని చిన్న విన్నపం. ఎవరైనా పుణ్యం కట్టుకుని మా బస్‌స్టాపులో ఒక కారు తెచ్చి నిలబెట్టండి. సాయంత్రానికల్లా దానికి కప్పు వేసేస్తారు.

ఆ కారును ఒక్క మాటనం. పక్కన కాస్త ఒదిగి నిలబడతాం!