కుర్చీ కోసం కూసిన సైరన్

ఆ రోజు పొద్దున ఇస్తారి గడ్డం గీసుకున్నాడు. జీతం రోజు కాదు, పండుగా కాదు. కాబట్టి ఏదో ఉందని భార్య సరోజనకు అర్థమైంది.

ఇస్తారి చెన్నూరు వైపున్న ఒక బొగ్గుబావి మీద సైరన్ కొట్టే మనిషి. షిఫ్టు మారినప్పుడల్లా గోడకున్న మీటను నొక్కిపట్టి వదలడమే అతని పని. కాలనీలో గడియారాలన్నీ ఆ కూత విని ముల్లు సరిచేసుకునేవి. కోళ్లు కూడా ఇస్తారి కూసేదాకా ఆగేవని అంటారు. కోళ్లను అడిగితే అవి కాదనలేదు.

అయితే ఇన్నేళ్లూ అతను నిలబడే కొట్టాడు. సైరన్ గదిలో కుర్చీ లేదు. బావిలోకి దిగేవాళ్లకు టోపీ దీపాలిచ్చే లాంపు రూములో మాత్రం చేతులున్న కుర్చీ ఒకటి ఉంది. అందులో కూర్చునే పెద్దమనిషి ఆ నెలలో రిటైరవుతున్నాడు. దాని మీద ఇద్దరికి కన్ను పడింది. ఒకడు ఇస్తారి. రెండోవాడు సరోజన తమ్ముడు పోశం. అక్కడే దీపాలు తుడుస్తాడు, ఎక్కడ ఆనుకుంటే అక్కడ నిద్రపోతాడు.

"మీ ఇద్దర్ల ఎవలు కూసున్నా నాకు ఒక్కటే," అన్నది సరోజన ఛాయ్ చేతికిస్తూ. "కాని మా తమ్ముడు కూసుంటే మా అవ్వ సంబురపడ్తది. నువ్వు కూసుంటే ఎవలు సంబురపడ్తరు?"

ఇస్తారి ఛాయ్ తాగి డ్యూటీ చొక్కా తొడుక్కున్నాడు. క్రితం రోజు మేనేజర్ జగన్మోహన్‌రావు అందరినీ నిలబెట్టి, ఎవరున్న పనిలో వాళ్లు ఎదగాలని, చెప్పిన పనికి పైన ఇంకొంత చేసి చూపాలని ఉపన్యాసమిచ్చాడు. మర్నాడు పెద్దసారు జైపాల్‌రావు వస్తున్నాడని, కుర్చీ ఎవరిదో ఆయన ముందే తేలుతుందని కూడా అన్నాడు. దీపాలు తుడిచేవాడు ఇంకొంచెం తుడవొచ్చు. సైరన్ కొట్టేవాడు ఇంకేం చేయాలి? ఆలోచించగా ఆలోచించగా ఇస్తారికి ఉపాయం దొరికింది. పెద్దసారు జీపు గేటు దాటగానే, సలాం చేసినట్టు, ఒక చిన్న కూత.

వేళగాని వేళ సైరన్ ఆగి ఆగి కూస్తే బావిలో ప్రమాదం జరిగిందని ఆ కాలనీలో చంటిపిల్లలకూ తెలుసు. ఇస్తారికీ తెలుసు. అందుకే ఒక్కసారే, పిట్ట కూసినంత, అనుకున్నాడు.

జీపు గేటు దగ్గర దుమ్ము లేపింది. ఇస్తారి మీటను నొక్కి వదిలాడు. మీట మాత్రం వదలలేదు. లోపలే ఇరుక్కుపోయింది, సైరన్ కూస్తూనే ఉంది. ఇస్తారి గోటితో గీకాడు, గుంజాడు, చివరికి చెప్పు తీసి కొట్టాడు. దెబ్బ పడగానే మీట కాస్త బయటికొచ్చి సైరన్ ఆగింది, మళ్లీ లోపలికి జారి కూసింది. అతను మళ్లీ కొట్టాడు. ఆగి ఆగి, అచ్చంగా ప్రమాదపు కూతే.

కాలనీ కాలనీ అంతా లేచి ఉరికింది. రాత్రి షిఫ్టు చేసి పడుకున్నవాళ్లు లుంగీలు బిగించుకుంటూ వచ్చారు. ఆడవాళ్లు పిండి చేతులతో వచ్చారు. మంగలి అంతయ్య కత్తితో వచ్చాడు, అతని వెనక సగం గడ్డంతో ఒక మనిషి. ఆసుపత్రి బండి వచ్చింది, రెస్క్యూ వాళ్లు ముఖాలకు గొట్టాలు తగిలించుకుని వచ్చారు. నడుము లేవడం లేదని సెలవులో ఉన్న బుచ్చిరాములు, ఆ సెలవు రాసిచ్చిన డాక్టరునే దాటి ముందుకు పోయాడు. పూలదండతో గేటు దగ్గర నిలబడ్డ మేనేజర్, చేతులకు అడ్డమని దాన్ని తన మెడలోనే వేసుకుని పరుగెత్తాడు.

పోశం ఒక్కడు రాలేదు. లాంపు రూములో గోడకానుకుని నిద్రపోతున్నాడు. రెస్క్యూ వాళ్లు అతని తల మీదుగానే దీపాలు తీసుకుపోయారు.

సరోజన గుండెలు బాదుకుంటూ సైరన్ గదికి వచ్చింది. భర్త చెమటలు కక్కుతూ గోడను చెప్పుతో కొడుతున్నాడు.

"ఏమైందయ్యా? బాయిల ఎవలకేమైంది?"

"ఎవ్వలకేం కాలే. ఇగ నాకే అయితది."

"మరి మెయిన్ బంద్ చెయ్యరాదు?" అంటూ ఆమె తలుపు వెనకున్న పెద్ద స్విచ్చును కిందికి లాగింది. సైరన్ నోరు మూసుకుంది.

బావిలో అంతా క్షేమమని కింది నుంచి కబురు అందుకున్న మేనేజర్, మెడలో దండతోనే రొప్పుతూ లోపలికి వచ్చాడు. "ఎవ్వన్నడిగి కొట్టినవ్‌రా?"

"పెద్దసారుకు సలాం, సార్. ఉన్న పనిల ఎదగాలని మీరే అంటిరి."

"ఎదుగు. ఇంటికి పోయి ఎదుగు. రేపటిసంది నీకిక్కడ పనిలేదు."

అంతలో తలుపు దగ్గర జైపాల్‌రావు కనిపించాడు. బయట జనాన్ని చూశాడు, ఆసుపత్రి బండిని చూశాడు, చేతి గడియారం చూసుకున్నాడు.

"నేను జీపు దిగకముందే డాక్టర్ దిగిండు. ఎన్ని బాయిలు తిరిగినా గిట్ల ఉరికొచ్చుడు చూడలే. ఎవరికీ చెప్పకుండ రిహార్సల్ పెట్టినవా, రావ్?"

జగన్మోహన్‌రావు ఇస్తారి వైపు చూశాడు, చెప్పు వైపు చూశాడు. "ఔ సార్. ముందుగాల చెప్తే ఏం ఫాయిదా అని నేనే పెట్టిన," అన్నాడు. దండ తీసి పెద్దసారు మెడలో వేశాడు.

తర్వాత పెద్దసారు లాంపు రూముకు వెళ్లాడు. పోశం అప్పుడే కళ్లు తెరిచాడు. ఇంత గడబిడలోనూ తన జాగా వదలని, ముఖాన చెమట చుక్క లేని మనిషి ఇతనొక్కడే కనిపించాడని పెద్దసారు అతని భుజం తట్టాడు. కుర్చీ అక్కడే ఖాయమైంది. కొన్నాళ్లకు జగన్మోహన్‌రావు కూడా ఇంకా పెద్ద బావికి, ఇంకా పెద్ద మేనేజరుగా పోయాడు.

ఇస్తారి ఉద్యోగం నిలిచింది. అసలు అతన్ని సైరన్ నుంచి ఎన్నటికీ కదిలించొద్దని, అంత బాగా కొట్టేవాడు మళ్లీ దొరకడని పెద్దసారు గట్టిగా చెప్పి పోయాడు. ఆ కూత చెన్నూరు దాకా వినపడాలని ఇనుప టవరు కట్టించి, సైరన్‌నూ మీటనూ దాని కొసకు పెట్టించాడు. ఎక్కడానికి నిచ్చెన ఇచ్చారు.

సరోజన కుర్చీ మాట ఎత్తలేదు. "జర పైలంగ ఎక్కు," అన్నది అంతే.

ఆ బావి మీద ఇస్తారి కంటే పైన పనిచేసినవాడు ఇప్పటిదాకా ఎవడూ లేడు.