గేటు పిన్నికో గడి

మా పిల్లలు చదివే బడికి ఊరికే సాయం చేసేవాళ్ళెవరూ ఇకమీదట ఊరికే చేయరాదనీ, ముందు కంప్యూటర్లో నమోదు కావలెననీ పాఠశాల కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఏకగ్రీవం ఎలా వచ్చిందంటే, అధ్యక్షులవారు "అభ్యంతరం ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి" అన్నప్పుడు మా అందరి చేతుల్లోనూ టీ గ్లాసులున్నాయి.

మొత్తం సాయం చేసేవాళ్ళం ఐదుగురం. నేను విరిగిన బెంచీలు బాగుచేస్తాను. ఐదో తరగతిలో బెంచీ ఎక్కించారని బడి మానేసినవాణ్ణి, ఇప్పుడా బెంచీలకే మేకులు కొడుతున్నాను. ఐదుగుర్ని గుర్తుపెట్టుకోవడం మానవమాత్రులకు సాధ్యం కాదు కనక డేటాబేస్ అవసరమైంది. దాన్ని కట్టగల మేధావి కోసం ఊరంతా గాలించి, చివరికి అధ్యక్షులవారి ఇంట్లోనే ఉన్న వారి అల్లుణ్ణి కనుగొన్నారు.

అల్లుడు మూడు నెలలు శ్రమించి పదిహేడు పట్టికలు తయారుచేశాడు. మనిషికో నంబరు, పనికో నంబరు, గదికో నంబరు. ఒక పట్టికలో ఉన్న నంబరు ఇంకో పట్టికలో కనపడాలి. కనపడకపోతే ఆ మనిషి లేనట్టే. నా సుత్తికి కూడా నంబరిచ్చారు. సుత్తి ఒక్క పూటలో నమోదైంది. నాకు వారం పట్టింది.

చిక్కల్లా గేటు పిన్నితో వచ్చింది. బడి ముందు రోడ్డు మీద కంకర లారీలు ఒళ్ళు తెలియకుండా పోతుంటాయి. పదకొండేళ్ళుగా ఉదయం ఎనిమిదిన్నరకి ఆవిడ ఎర్ర గుడ్డ పట్టుకుని నిలబడి పిల్లల్ని దాటిస్తోంది. ఆవిడకి పిల్లల్లేరు. పట్టికలో ఎక్కాలంటే మాత్రం ప్రతి మనిషీ ఎవరో ఒక విద్యార్థికి తల్లో తండ్రో అయి తీరాలి. ఆ గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ముందుకు కదలదు.

"ఎవరి తాలూకమ్మా నువ్వు?" అన్నాడు అల్లుడు.

"అందరి తాలూకే బాబూ. ఎవరో ఒకర్ని రాసుకో."

"అలా కుదరదు. ఒక్కరే ఉండాలి."

"మరి మిగతావాళ్ళని రోడ్డు మధ్యలో వదిలెయ్యమంటావా?"

నేనే చొరవ చేసి మా అమ్మాయి నంబరిచ్చాను. ఒక బిడ్డకి ఒక్క తల్లే ఉండాలని అల్లుడి నియమం. పిన్ని ఎక్కగానే మా ఆవిడ పేరు దానంతటదే చెరిగిపోయింది. ఇంటికెళ్ళి చెప్పాను.

"పోన్లెండి. రేపట్నుంచి జడలు కూడా ఆవిణ్ణే వెయ్యమనండి," అంది మా ఆవిడ.

ఇక మిగిలింది హాజరు. పని మొదలెట్టే వేళకే మొదలెట్టినట్టు వేలిముద్ర వెయ్యాలి. ముందు వేస్తే తప్పు, తరవాత వేస్తే అబద్ధం. యంత్రమేమో మేడమీద ఆఫీసులో ఉంది. ఆఫీసు ఎనిమిదిన్నరకి తెరుస్తారు. పిన్ని ఎర్ర గుడ్డ చంకన పెట్టుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి, ముద్ర వేసి దిగేసరికి ఎనిమిదీ యాభై. ఈలోగా పిల్లలు వాళ్ళంతట వాళ్ళే రోడ్డు దాటేవారు.

"అయ్యా, ఆ పెట్టేదో గేటు దగ్గర పెట్టించరాదూ?" అని పిన్ని అడిగింది.

"అక్కడ దుమ్ము పడుతుందమ్మా. ఖరీదైన వస్తువు," అన్నారు అధ్యక్షులవారు. బాధ్యత తెలిసిన మనిషి.

పన్నెండో రోజున, పిన్ని మేడమీద వేలు పెట్టి పచ్చ దీపం కోసం చూస్తుండగా, కింద ఓ లారీ మా అమ్మాయిని కొట్టేసి పోయింది. కాలు విరిగింది. కమిటీ తక్షణం విచారణ జరిపింది. రికార్డు ప్రకారం పిన్ని ఆ సమయానికి విధుల్లోనే ఉంది. అంతేకాదు, బాధితురాలి తల్లి కూడా బడి ఆవరణలోనే ఉన్నట్టు తేలింది. తల్లి దగ్గరుండగా జరిగినదానికి బడి ఏం చేస్తుంది?

"తల్లిని నేనండీ!" అంటూ మా ఆవిడ కమిటీ ముందుకెళ్ళింది.

"మీరు పట్టికలో లేరమ్మా," అన్నాడు అల్లుడు, మర్యాదగానే.

ప్రమాదాలకు పట్టిక లేదు కనక ఆ ప్రమాదం ఎక్కడా ఎక్కలేదు.

మర్నాటి నుంచి పిన్ని మేడ ఎక్కడం మానేసి నేరుగా రోడ్డు మీదికొచ్చింది. మూడు రోజులు వేలిముద్ర పడకపోయేసరికి, రికార్డు ప్రకారం ఆవిడ సేవ మానేసింది.

నెల తిరక్కుండానే సన్మాన సభ పెట్టారు. "ఒకప్పుడు మన బడిలో సేవ ఉండేది, లెక్క లేదు. నేడు లెక్క ఉంది! ఇంతకు మించిన సేవ ఏముంటుంది?" అని గద్గద స్వరంతో పలికి, అధ్యక్షులవారు అల్లుడి మెడలో పతకం వేశారు. హాలు దద్దరిల్లింది. నేనొక చేత్తో మా అమ్మాయి చంకకర్ర పట్టుకుని ఉన్నాను కనక రెండో చేత్తో తొడ మీద చరిచాను. చప్పట్లు కొట్టినవాళ్ళందరి పేరా రెండేసి గంటల సేవ ఎక్కించారు. ఐదుగురు సేవకులున్న బడి ఆ ఒక్క సాయంత్రంతో మూడు వందల పన్నెండుకి ఎదిగింది.

సభ ముగిశాక సేవకులమంతా గేటు బయటికొచ్చి ఆగిపోయాం. లారీలు వరస కట్టాయి. అడుగు వేసే మగాడు లేడు. అప్పుడు లేచింది ఎర్ర గుడ్డ. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని, చిన్నపిల్లల్లా దాటాం. అవతలికి చేరినా మా అమ్మాయి పిన్ని చెయ్యి వదల్లేదు.

"ఎవరండీ ఈవిడ?" అని పక్కనున్న పెద్దమనిషి నన్నడిగాడు.

అధ్యక్షులవారు సరిగ్గా మా వెనకే వస్తున్నారు.

"రికార్డులో లేదండీ," అన్నాను.