వినీల టీచర్ ఓపెన్ ఫోను

ఎవరైనా తెరిచి చూసుకోగల లైనక్స్ పునాది మీద కట్టిన ఫోను చేతిలో పెట్టుకుని కూడా స్వేచ్ఛ లేదని గొణిగేవాళ్లని ఏమనాలో తెలియడం లేదండీ! ఇంటి ప్లాను లోకమంతటికీ ఉచితంగా పంచిపెట్టారు. ఇంకేం కావాలి? గది తాళంచెవి కూడా మీకే ఇవ్వాలా? ఆశకు అంతుండాలి.

పామర్రులో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పే వినీల టీచర్‌కి ఆ ఆశే పుట్టింది. ఆవిడ ఫోనులో ఒక రమ్మీ యాప్ ఉంది. ఆవిడ వేసుకున్నది కాదు, పుట్టుమచ్చలా ఫోనుతోపాటే వచ్చింది. చర్చిలో ఫోను చూసి పాట ఎత్తుకుంటే, రెండో చరణంలో "రండి, ముక్కలు పంచుకుందాం" అని ఆ యాప్ గట్టిగా పిలిచింది. పాస్టరుగారు కళ్లు తెరవకుండానే నిట్టూర్చారు. తీసేద్దామంటే తీసేసే బటనే లేదు. ఎంత ముందుచూపు! ఆవిడ తీసేస్తే పాపం ఆ యాప్ ఎక్కడికి పోతుంది?

తమ్ముడు ఆరోన్ ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పి బిగిస్తాడు. విప్పుకోలేనిది మనది కాదన్నది అతని సిద్ధాంతం.

"ఇది ఓపెన్ సోర్స్ అక్కా. కోడ్ ఎవరైనా చూసుకోవచ్చు."

"కోడ్ నాకెందుకురా, ఆ పేకాట పోతే చాలు."

ఆదివారం మధ్యాహ్నం కూర్చుని, కంపెనీ వేసిన తాళం తీసి, రమ్మీని పీకేసి, కడిగిన ముత్యంలా ఫోనును చేతిలో పెట్టాడు. వినీలకి ప్రాణం లేచొచ్చింది.

సోమవారం బడిలో హాజరు యాప్‌కి ముఖం చూపించింది. 'ఈ ఫోను తాళం తీసి ఉంది, నమ్మదగినది కాదు' అంది యాప్. బాధ్యతంటే అదీ! పేకాట ఉన్నన్నాళ్లూ ఆ ఫోను నమ్మదగినదే. సొంతదారు చెయ్యి పడ్డాకే అనుమానం వచ్చింది. రాదా మరి?

అయిదు పీరియడ్లు చెప్పి, గొంతు బొంగురుపోయాక ఆవిడ హెడ్మాస్టర్ రామకోటేశ్వరరావుగారి దగ్గరికి వెళ్లింది.

"మీరొచ్చారమ్మా, నేను చూశాను. నేను చూస్తే ఏం లాభం, యాప్ చూడాలిగా? రేపటికి మళ్లీ తాళం వేయించుకు రండి. ఇవ్వాళ్టికి లీవు రాసిచ్చేయండి."

"లీవు ఒక్కటే మిగిలిందండి. శుక్రవారం అమ్మకి కంటి ఆపరేషను. ఆడవాళ్ల వార్డు, తమ్ముణ్ణి ఉండనివ్వరు."

"నా చేతుల్లో ఏముందమ్మా?"

ఆయన చెడ్డమనిషి కాదు. కుర్చీ చూపించి, కాగితం, పెన్ను ఆయనే ఇచ్చారు.

'కారణం' అన్నచోట వినీల ఆగింది. జ్వరమని రాద్దామంటే జ్వరం లేదు. ఊళ్లో లేనని రాద్దామంటే ఎదురుగానే ఉంది. పిల్లలకి బోర్డు మీద రాసినంత గుండ్రంగా రాసింది: 'నేను కొనుక్కున్న ఫోనును నేనే తెరిచినందువల్ల, ఈ రోజు బడికి వచ్చి కూడా రాలేకపోయాను.'

హెడ్మాస్టరుగారు రెండుసార్లు చదివి, మంజూరు చేశారు.