తేనెటీగలకు చావు హల్వా

ఆ ఫిబ్రవరి ఉదయం నియాజీ ఉస్తా పెట్టుకున్న పని చాలా చిన్నది. టీ మరిగేలోపు పెరట్లోని ముప్ఫై రెండు తేనెపెట్టెలనూ వినేసి వచ్చి, ఇనప పొయ్యి పక్కన వెచ్చగా కూర్చోవాలి.

మంచుకొండల నడుమ ఉన్న కార్లిబెల్ ఊళ్ళో నవంబరు నుంచి మార్చి దాకా తేనెపెట్టె మూత ఎవరూ తెరవరు. తెరిస్తే, తేనెటీగలు నెలల తరబడి ఒకదాన్నొకటి హత్తుకుని దాచుకున్న వెచ్చదనం క్షణంలో ఎగిరిపోతుంది. అందుకని ఫిబ్రవరిలో ఒకసారి పెట్టెను వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి వింటారు. లోపల ‘ఝుమ్’మని లేచి వెంటనే సద్దుమణిగితే క్షేమం. సాగదీసి మూలిగితే రాణి ఈగ పోయినట్టు. ఏమీ వినిపించకపోతే అన్నీ పోయినట్టు. ‘వింటారు’ అన్నది మాటవరసకే. ముప్ఫై ఏళ్ళుగా ఊరందరి పెట్టెలూ వినేది నియాజీ ఉస్తా ఒక్కడే, అదీ కుడిచెవితో. ఉస్తా అంటేనే పనిలో ఆరితేరినవాడని. ఎడమచెవి మనుషులకు, కుడిచెవి ఈగలకు అని టీకొట్టులో గొప్పగా చెప్పుకునేవాడు.

మొదటి పెట్టె తట్టాడు. చప్పుడు లేదు. చలికి బద్ధకించాయనుకుని రెండోది తట్టాడు. అదీ అంతే. పదో పెట్టె దాకా ఇదే వరస. ముప్ఫై రెండో పెట్టె దగ్గర మంచులో చతికిలబడి, అరవై ఎనిమిదేళ్ళ మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. అవి వాళ్ళ నాన్న కొండ దాటించి తెచ్చిన బూడిదరంగు ఈగల సంతతి. నాన్న పోయినప్పుడు కూడా ఆయన అంత ఏడవలేదు.

ఇంట్లోకి వచ్చేసరికి భార్య గులిజార్ పోట్లాటకు నడుం బిగించి ఉంది. రెండు వారాలుగా భోజనాల దగ్గర తను ఏం చెప్పినా మొగుడు ఉలకడు, పలకడు.

“ఏమయ్యా, ఇంకా ఎన్నాళ్ళీ అలక?” అనబోయింది. ఆయన మొహం చూసి ఆగిపోయింది.

“పోయాయే. ఒక్కటి కూడా మిగల్లేదు” అన్నాడు నియాజీ ఉస్తా.

ఈ మాట గోడ అవతల ముఖ్తార్ షాబాన్ చెవిన పడింది. ముఖ్తార్ అంటే ఊరిపెద్ద. నిరుడు చలికాలం ముందు ఊరందరి ఈగలకూ పట్టిన నల్లికి మందు తెప్పించిన పెద్దమనిషి అతనే. పరుగెత్తుకొచ్చాడు.

“ఉస్తా, నీకు పుణ్యముంటుంది, మావి కూడా ఓసారి వినవా?”

విన్నాడు. షాబాన్‌వి ఇరవైకి ఇరవై పోయాయి. అక్కణ్ణుంచి సెహెర్ అత్త పెట్టెలు, ఆ తర్వాత ఇమాం గారివి. మధ్యాహ్నం నమాజు వేళకు కార్లిబెల్‌లోని రెండు వందల పద్నాలుగు పెట్టెల్లో ఒక్కటి కూడా ప్రాణంతో లేదని తేలిపోయింది. తమ పెట్టెకు తామే ఓసారి చెవి ఆనిద్దామని ఎవరికీ తోచలేదు. వైద్యుడు నాడి పట్టుకుని పెదవి విరిచాక మళ్ళీ ఎవరు చూస్తారు?

ఊరి మైకులో షాబాన్ గొంతు బొంగురుపోయింది. “కార్లిబెల్ ప్రజలారా, మన తేనెటీగలన్నీ కాలం చేశాయి. అందరూ టీకొట్టు దగ్గరికి రండి.”

ఆ ఊళ్ళో ఎవరు పోయినా ఆడవాళ్ళు పిండి వేయించి హల్వా చేస్తారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదుగానీ గంటలో వీధి వీధంతా నెయ్యి వాసనే. టీకొట్టులో పళ్ళేలు వరసగా పేర్చారు. ఈగల కోసం ప్రార్థన చేయొచ్చా అని ఎవరో ఇమాం గారిని అడిగారు.

“ప్రార్థన సంగతి పుస్తకాలు తిరగేసి చెప్పాలి నాయనా. హల్వా తినడానికి మాత్రం ఏ అడ్డూ లేదు” అని ఆయన పళ్ళెం దగ్గరికి లాక్కున్నారు.

సెహెర్ అత్త మాత్రం పళ్ళెం ముట్టుకోలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని షాబాన్ ముందు నిలబడింది.

“చవగ్గా వచ్చిందని ఏదో మందు పట్టుకొచ్చి మా ఈగల నోట్లో మన్ను కొట్టావు కదరా!”

“అదే మందు మా పెట్టెల్లోనూ వేశాను కదత్తా!”

“నీ ఈగలు, నీ ఇష్టం. నా ఈగలు నీకేం ద్రోహం చేశాయిరా?”

నలుగురూ తలాడించారు. ఇంకాసేపు ఊరుకుంటే తన ముఖ్తార్‌గిరీ కూడా ఈగల వెంటే పోతుందని షాబాన్‌కు అర్థమైంది.

“ఒక పెట్టె తెరిచి చూద్దాం. మందు వల్లా, ఆకలి వల్లా తెలిసిపోతుంది. చచ్చినవాటికి చలేంటి?” అన్నాడు.

“నాదే తెండి” అన్నాడు నియాజీ ఉస్తా.

అన్నిటికన్నా బరువైన పెట్టెను మంచుబండి మీద లాక్కొచ్చి టీకొట్టు మధ్యలో, ఎర్రగా కాలుతున్న పొయ్యి పక్కన పెట్టారు. మూత చుట్టూ ఈగలు పూసుకున్న జిగురు చలికి రాయైపోయి ఉంది, కాస్త వెచ్చబడితేగానీ ఊడదు. ఈలోగా అందరూ చక్కెర పలుకు పంటి కింద పెట్టుకుని టీ తాగుతూ, పోయిన ఈగల మంచితనం గురించి మాట్లాడుకున్నారు.

పెట్టె వాకిట్లోంచి ఒక ఈగ బయటికి నడిచొచ్చింది. తాగినవాడిలా తూలి, రెక్కలు దులుపుకుంది. దాని వెనక పది వచ్చాయి. ఆపైన లెక్క తప్పింది.

చలికాలమంతా ఈగలు పెట్టెలో మలవిసర్జన చేయవు. అంత శుభ్రం వాటిది. బయట కాస్త వెచ్చబడే రోజు కోసం నెలల తరబడి బిగపట్టుకుని ఉంటాయి. టీకొట్టులో ఆ రోజు రానే వచ్చింది. ఇమాం గారి తెల్లటోపీ మీద, షాబాన్ కొత్త కోటు మీద, తెల్లగోడల మీద, హల్వా పళ్ళేల మీద పసుపుపచ్చ చుక్కల వాన కురిసింది.

“బతికున్నాయిరా! అమ్మో! బతికే ఉన్నాయి! చచ్చాన్రోయ్!” అని జనం ఏడుస్తూ నవ్వుతూ మంచులోకి పరుగెత్తారు. అందరికన్నా ఎక్కువ కాట్లు పడ్డ షాబానే అందరికన్నా ఎక్కువ ఆనందించాడు. పెదవి బూరెలా ఉబ్బుతున్నా వదలకుండా, “నా మందు కాదు! చూశారా, నా మందు కాదు!” అని గుమ్మంలో గంతులేశాడు.

నియాజీ ఉస్తా కదల్లేదు. ఆయన కుడిచెవి మీదే నాలుగు ఈగలు వాలాయి.

“చెవిలోకి దూరుతున్నాయయ్యా, వినపడట్లేదూ?” అని గుమ్మంలోంచి గులిజార్ కేక పెట్టింది.

ఆయన అరచేత్తో ఎడమచెవి మూసుకున్నాడు. లోకం మూగబోయింది. చెయ్యి తీశాడు. ఝుమ్మని హోరు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆయన పని. ఈగలు బతికాయన్న సంతోషం ఒక కంట్లో, ఊరి ముందు తలదించుకోవాలన్న సిగ్గు ఇంకో కంట్లో నీళ్ళయ్యాయి.

“అంటే నువ్వు అలగలేదా? కుడిపక్క కూర్చుని రెండు వారాలు గోడకా నేను చెప్పుకుంది?” అంది గులిజార్.

“ఏం చెప్పావు?”

“మా తమ్ముడు పెళ్ళాం పిల్లలతో వచ్చి మంచు కరిగేదాకా మనింట్లో ఉంటాడని. నువ్వు కాదనలేదుగా, రమ్మని కబురు పెట్టేశాను.”

పొయ్యి ఆర్పేసి గది చల్లబరిస్తే, సాయంత్రానికి ఈగలు చాలావరకు పెట్టెలోకి చేరుకున్నాయి. రెండు గుప్పెళ్ళు మాత్రం కిటికీ కింద రాలిపోయాయి. వాటిని నియాజీ ఉస్తా తన టోపీలోకి ఏరుకున్నాడు. ఈలోగా ఊరంతా పరుగున వెళ్ళి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎవరి పెట్టెకు వాళ్ళు చెవి ఆనించారు. అందరికీ వినిపించింది. నిజంగా పోయినవి తొమ్మిదంటే తొమ్మిది పెట్టెలు, ఏటా పోయే లెక్కే. “ఈగలు క్షేమం. తిన్న హల్వా తిన్నట్టే, వాపసు అక్కర్లేదు” అని షాబాన్ ఉబ్బిన పెదవితోనే మైకులో చెప్పాడు.

ఆ రాత్రి నియాజీ ఉస్తాకు నిద్ర పట్టలేదు. ఎవరి చెవి వాళ్ళకుందని ఊరికి తెలిసిపోయాక ఇక తనను ఎవరు పిలుస్తారు? మంచుతో మూసుకుపోయిన దారి తెరుచుకోగానే పట్నం ఆరోగ్యకేంద్రానికి పోయాడు. నర్సు ఆయన కుడిచెవిలోంచి శనగగింజంత గుబిలి ఉండ తీసింది.

“తేనెతోపాటు మైనం కూడా దాచుకుంటున్నావా తాతా?” అని నవ్వింది.

ఆయన నవ్వలేదు. చెవి బాగుందని కాగితం రాయించుకుని, ముద్ర వేయించుకుని, టీకొట్టు గోడకు అంటించాడు. జనం చదివి, సరేనని తలాడించారు. మళ్ళీ ఏడు కూడా ఉస్తాయే వినాలని షాబాన్ ప్రకటించేశాడు. నియాజీ ఉస్తా ప్రాణం లేచివచ్చింది.

అప్పుడు సెహెర్ అత్త గొంతు సవరించుకుంది.

“అది సరే ఉస్తా. నిరుడు రాణి పోయింది, ఇక పనికిరాదన్నావని నా పెట్టె ఒకటి నీకు ఊరికే ఇచ్చేశాను కదా. ఎండాకాలం దాంట్లో ఎంత తేనె తీశావు?”

నియాజీ ఉస్తా టీ గ్లాసు కింద పెట్టి, ఎడమచెవి కూడా ఈమధ్య సరిగ్గా పనిచేయడం లేదన్నాడు.