పందుల కట్టు

తెలంగాణ చీరకట్టు సంప్రదాయాలలో ‘పందుల కట్టు’ అనే అతి ప్రాచీన పద్ధతి ఒకటి ఇటీవల వెలుగులోకి వచ్చిందన్న శుభవార్త పాఠకులకు ఇప్పటికే చేరి ఉంటుంది. చేరకపోతే లోపం పాఠకులది. హైదరాబాదులో ఫ్యాషన్ తెలిసినవాళ్లందరికీ చేరింది. ఈ కట్టును లోకానికి అందించిన ఘనుడు బుచ్చయ్య. ఆయనకు చీర కట్టడం రాదు. మడతపెట్టడమూ రాదు. ఘనత రావడానికి అవేమీ అడ్డు కాలేదు.

చిట్యాల నుంచి రామన్నపేట పోయే దారిలో, రోడ్డు పక్కనే బుచ్చయ్యకు రెండెకరాల పల్లి చేను ఉంది. చేను వెనక గుట్ట ఉంది. గుట్టలో అడవి పందులున్నాయి. వాటిని చేనులోకి రానివ్వకుండా అక్కడి రైతులంతా చేసే పనే బుచ్చయ్య భార్య నిర్మలమ్మ కూడా చేసింది. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి పాత చీరలు అడిగి తెచ్చింది. ఒకదానికొకటి కుట్టింది. చేను చుట్టూ కర్రలు పాతి కట్టింది. రంగురంగుల చీరలు గాలికి కదులుతుంటే లోపల మనుషులున్నారని పందులు అనుకుంటాయి. మనుషులంటే పందులకు ఇంకా కొంత గౌరవం ఉంది. ఈ మొత్తం కార్యక్రమంలో బుచ్చయ్య వంతు, గట్టు మీద కూర్చుని “జర గట్టిగ గుంజు” అనడం.

పల్లి కాయ పట్టి గింజ ముదురుతున్న రోజుల్లో ఆ చేను ముందు ఒక ఏసీ బస్సు ఆగింది. అందులో ఫ్యాషన్ డిజైన్ చదివే పిల్లలు, వాళ్ల ప్రొఫెసర్ సుచరిత మేడం ఉన్నారు. నిజానికి వాళ్లు రామన్నపేట వైపు మగ్గాలు చూడటానికి బయల్దేరారు. చీరల కంచె కంటబడగానే మేడం బస్సు ఆపించి, దిగి, గుండె మీద చెయ్యి వేసుకున్నారు. మగ్గాల కార్యక్రమం రద్దయింది. అక్కడ నేతవాళ్లు టీ కాచుకుని సాయంత్రం దాకా ఎదురుచూశారట. చీరలు నేసేవాళ్లతో ఫ్యాషన్‌కు ఏం పని?

బుచ్చయ్య గట్టు మీద కూర్చుని వాళ్ల పని చూడసాగాడు. ఇతరులు పని చేస్తుంటే చూడటం ఆయనకు మొదటినుంచీ ఇష్టం. ఒక అమ్మాయి చీర కొంగును చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకుంది. ఒక అబ్బాయి ఆమె కళ్లు మూసుకోవడాన్ని బొమ్మ గీశాడు. మరొకడు వాళ్లిద్దరినీ వీడియో తీశాడు. ఒక చీర మీది మరక మట్టి రంగా, బురద రంగా అని ఇద్దరు వాదించుకున్నారు. మాటా మాటా పెరిగి ఒకరు ఏడ్చారు. ఆ మరక ఏ పిట్ట వేసిందో బుచ్చయ్య చూశాడు గానీ, చదువుకునే పిల్లల మధ్య మనమెందుకని ఊరుకున్నాడు. మధ్యాహ్నానికి అందరూ అలిసిపోయి గట్టు మీద వాలిపోయారు. పనేం జరిగిందో కనబడలేదు గానీ అలసట మాత్రం బాగా కనబడింది. ఆయనకు వాళ్ల మీద జాలీ కలిగింది, గౌరవమూ కలిగింది.

అప్పుడు సాయికిరణ్ అనే విద్యార్థి దగ్గరికి వచ్చాడు. ఆ గుంపులో తెలుగు ధైర్యంగా మాట్లాడేది అతనొక్కడే.

“అంకుల్, ఇది ఏం కట్టు?”

చేనుకు ఏం కట్టావని అడుగుతున్నాడనుకున్నాడు బుచ్చయ్య. “పందుల కట్టు, బిడ్డా.”

“ఎప్పటి నుంచి ఉంది?”

“పందులు ఉన్నప్పటికెల్లి ఉన్నది.”

సాయికిరణ్ ఫోన్‌లో ‘అతి ప్రాచీనం’ అని కొట్టుకున్నాడు. “డిజైన్ ఎవరిది అంకుల్?”

అన్నం గిన్నె పట్టుకుని గట్టెక్కుతున్న నిర్మలమ్మను బుచ్చయ్య చూశాడు. చూసి కూడా, “నాదే” అన్నాడు.

ఆ మాటతో మేడం లేచి నిలబడి ఉపన్యసించారు. “స్టూడెంట్స్! ఇది కంచె కాదు. నేలతల్లికి కట్టిన చీర. బుచ్చయ్యగారు రైతు కాదు, కళాకారులు!” పుట్టి బుద్ధెరిగాక బుచ్చయ్యను ‘గారు’ అన్నవాళ్లు లేరు. ఆయన మీసం తనంతట తానే మెలి తిరిగింది. మేడం మెల్లగా అసలు విషయానికి వచ్చారు. మర్నాడు మొదలయ్యే పిల్లల ఫైనల్ షోకు ఈ చీరలే కావాలి. బదులుగా చేను చుట్టూ పర్యావరణానికి హాని లేని బట్ట కట్టించి పోతారు. అది రంగంటూ ఏమీ లేని లేత బట్ట. నిరాడంబరతే ఇప్పుడు ఫ్యాషన్.

“ఏందయ్యా, పల్లి పీకే యాళ్లకు కంచె ఇప్పుతవా?” అంది నిర్మలమ్మ.

“నాలుగొద్దులల్ల తెచ్చిస్తరట. నా పేరు గోడ మీద రాస్తరట. జర ఊకో.”

“పంట పోయినంక పేరు నాక్కుంట కూసో” అని ఆమె గిన్నె అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

చీరలు బస్సెక్కాయి. చేను నిరాడంబరమైంది. పందులకు ఈ కొత్త ధోరణి ఎంతో నచ్చిందని తెల్లవారేసరికి తెలిసింది. సగం చేను నాగలి పెట్టినట్టు తిరగబడి ఉంది. నిర్మలమ్మ ఆ మట్టిలో కూర్చుని మిగిలిన కాయలు ఏరుతోంది. నెలల కష్టం, అందులో బుచ్చయ్య కష్టం ఎంత తక్కువైనా, పందుల పాలైంది. చీకటి పడేలోగా చీరలు తెచ్చి కడితే మిగిలిన సగమైనా దక్కుతుంది. బుచ్చయ్య హైదరాబాదు బస్సెక్కాడు.

షో జరిగే హాలు చల్లగా, సువాసనగా ఉంది. గోడ మీద ఆయన పేరు నిజంగానే ఉంది. పేరు చూడగానే వచ్చిన పని కాసేపు మరిచిపోయాడని చెప్పక తప్పదు. వేదిక మీద సన్నటి అమ్మాయిలు పందుల కట్టులో నడుస్తున్నారు. ఇద్దరిద్దరు అమ్మాయిలను ఒకే చీరలో, అటు చివర ఒకరిని, ఇటు చివర ఒకరిని నిలబెట్టారు. నవ్వకూడదన్నది నియమం. తమ ఊరి హనుమమ్మ ఇచ్చిన చీరలో వస్తున్న పిల్లను చూసి, అన్నం తిన్నదో లేదో అడగాలనిపించింది ఆయనకు. ఎర్రంచు చీర నిర్మలమ్మది. అది కనబడగానే చేను గుర్తొచ్చి, మేడం దగ్గరికి పరుగెత్తాడు.

“మేడం, నా చీరలు...”

“కళాకారులు వచ్చేశారు!” అని మేడం ఆయన్ను చెయ్యి పట్టి వేదిక ఎక్కించి మైకు అందించారు.

బుచ్చయ్య మైకు ముందు నిలబడ్డాడు. ఎదురుగా అంతా పెద్ద పెద్ద మనుషులు.

“అందరికి దండం. మాకాడ గీ చీరలు కడితే పందులు రాకపోతుండె. గీడ కడితే గింతమంది వచ్చిండ్రు. నాకేం సమజైతలేదు. నా చీరలు నాకియ్యుండ్రి, పోత. పొద్దుగూకుతాంది.”

హాలంతా చప్పట్లు మోగాయి. ముందు వరుసలోని విమర్శకుడొకాయన లేచి, “ఒక్క మాటతో మన నాగరికతను కడిగేశారు!” అని కళ్లు తుడుచుకున్నాడు. తమను పందులతో పోల్చారని ఎవరూ నొచ్చుకోలేదు. ఆ పోలిక తమకు అర్థమైనందుకు మురిసిపోయారు. ఇంత గొప్ప స్పందన వచ్చినందున ప్రదర్శనను నెలాఖరు దాకా పొడిగిస్తున్నామని, చీరలను ఆ తర్వాత ఢిల్లీకి పంపుతున్నామని మేడం ప్రకటించారు. ఈసారి అందరూ లేచి నిలబడి కొట్టారు. ఆ చప్పుడుకు హాలు అద్దాలు అదిరాయి.

బుచ్చయ్య చప్పట్లు కొడుతున్న ఆ చేతులను చూశాడు. అంత చప్పుడు ఆయన జన్మలో వినలేదు. వేదిక పక్కనే ఉన్న సాయికిరణ్ భుజం పట్టుకుని, అతని చెవిలో అడిగాడు.

“బిడ్డా, వీళ్లల్ల నలుగురన్న ఈ రాత్రికి మా చేనుకాడికి వచ్చి గిట్లనే కొడతరా? ఒక్క పంది రాదు.”

“ఇప్పుడు డిన్నర్ ఉంది అంకుల్.”

ఈ కథ బాగుందని చప్పట్లు కొట్టదలచిన పాఠకులకు మనవి: చేను చిట్యాల నుంచి వచ్చేటప్పుడు ఎడమ పక్కన కనబడుతుంది. పొద్దుగూకక ముందే రాగలరు.