నాలుగో మాట

మానవులంతా సమానమేనన్న సంగతి ఈ నెల పదో తారీఖు ఉదయం పదకొండు గంటల నుంచి అమల్లోకి వస్తుందని సాంస్కృతిక శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఆ రోజు మంత్రి మొదలు డ్రైవరు వరకు అందరూ వేదికెక్కి ఒకే కవితను ఒకే గొంతుతో చదువుతారు. రేడియోలో లైవ్.

కవిత మంత్రిగారిదే. అంటే, రాసింది ఆయన డ్రైవరు. సిగ్నల్ దగ్గర గొణుక్కుంటుంటే వెనక సీట్లోంచి విని, "బాగుందయ్యా, అచ్చం నా భావాలే" అని ఆయన సొంతం చేసుకున్నారు. కిందివాళ్ల మాటను ఇంతగా తనదనుకునే నాయకుడు ఎక్కడ దొరుకుతాడు? డ్రైవరూ బాధపడలేదు. వేదిక మీద తనూ చదువుతాడు, అంతే చాలు. పెళ్లయి పన్నెండేళ్లయినా తను కవి అంటే వాళ్లావిడ నమ్మదు. టైలరింగ్ షాపులో మిషన్ తొక్కే మనిషి, చేతల్లో చూపిస్తేగానీ ఒప్పుకోదు.

"ఏదీ, ఒక్క మాట మైకులో చెప్పండి, అప్పుడు నమ్ముతా" అంది.

చిక్కంతా రిహార్సల్‌లో వచ్చింది.

"అందరూ కలిసి చదివితే మంత్రిగారి గొంతేదో నీ గొంతేదో ఎలా తెలుస్తుందయ్యా?" అన్నాడు పీఏ. "సీనియారిటీ ప్రకారం పంచుతాను."

కవిత చిన్నది: ఒకే నేల, ఒకే నీరు, ఒకే గాలి, ఒకే ఆకలి, మనమంతా ఒకటే. నేల మంత్రిగారికి వెళ్లింది. నీరు కార్యదర్శికి, గాలి డైరెక్టరుకి. ఆకలి డిప్యూటీ డైరెక్టరు దగ్గర ఆగిపోయింది.

"నాకు ఆకలేమిటండీ? ప్రమోషన్ ఫైలు నడుస్తోంది. ప్రభుత్వాన్ని విమర్శించానంటారు."

"పోనీ, సూపరింటెండెంటుగారూ?"

"గాలిలో సగం ఇచ్చినా సర్దుకుంటాను. అది మాత్రం వద్దండీ."

అలా మెట్టు మెట్టూ దిగి ఆకలి డ్రైవరు దగ్గరికొచ్చింది. అతని సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆ మాట కోసమే మిగతావన్నీ రాశాడు మరి. వారం రోజులు అద్దం ముందు "ఒకే ఆకలి" అంటూ ఇంట్లోవాళ్ల ప్రాణం తీశాడు.

"నిద్రలో లేపినా నేనే చెప్పేస్తాను" అంది వాళ్లావిడ.

పదో తారీఖున ఆమె ఒక పూట సెలవు పెట్టి వచ్చి చివరి వరసలో కూర్చుంది. మంత్రిగారు "ఒకే నేల" అన్నారు. ఓ మోస్తరు చప్పట్లు పడ్డాయి. ఆయన వాచీ చూసుకున్నారు. ఇంకోచోట ప్రారంభోత్సవం ఉంది.

"బండి తియ్యవయ్యా."

"సార్, నా మాట..."

"నీ మాటా నా మాటా వేరా?"

కారు కదిలింది. డ్రైవరుకి ఏడుపొక్కటే తక్కువ. మంత్రిగారు గేటు దాటేదాకా కార్యదర్శి మర్యాదగా ఆగినట్టున్నాడు, కారు రోడ్డెక్కాక రేడియోలో "ఒకే నీరు" అని వినిపించింది. ఆ వెంటనే "ఒకే గాలి." తర్వాత ఏమీ లేదు. ఎవరో దగ్గారు. కాగితాలు కదిలాయి.

అప్పుడు ఎక్కడో దూరం నుంచి, మైకు లేకుండా, ఓ ఆడగొంతు గట్టిగా అంది.

"ఒకే ఆకలి."

హాలు దద్దరిల్లింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. డ్రైవరు ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని రెండో చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"ఎవరావిడ?" అన్నారు మంత్రిగారు.

"మా ఆవిడండి."

"లిస్టులో ఉందా?"

"లేదు సార్."

మంత్రిగారు ఆ చప్పట్లు చివరిదాకా విన్నారు. తర్వాత పీఏకి ఫోన్ చేశారు.

"ప్రెస్ నోట్ ఇంకా వెళ్లలేదుగా? నేల ఎవరికైనా ఇచ్చెయ్యవయ్యా. ఆకలి నేను చెప్పానని రాయి."